తోటరాముని తల్లి

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు మీతో ఒక సినిమా తల్లిని గురించి ముచ్చటించాలని వచ్చాను. 'పాతాళభైరవి' సినిమా చూడనివాళ్ళు మనలో తక్కువ. చూడకపోయినా కథ వినే ఉంటారు. తోటరాముడు ఎవరయ్యా అంటే నందమూరి తారక రామారావు అని పసిపిల్లలు కూడా చెబుతారు. నేపాళ మాంత్రికుడు ఎవరంటే ఎస్.వి. రంగారావు అనడానికి క్షణం పట్టదు. రాకుమారి ఇందుమతి ఎవరంటే కాస్త ఆలోచించి మాలతి అంటారు. మరి తోటరామునికి తల్లిగా వేసిందెవరు? ఇక్కడికి వచ్చేసరికి చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చాలా ఏళ్ళు నేనూ అంతే. ఆ తల్లి ఎవరో తెలుసుకోవాలన్న ఆలోచన నాకు రావడానికి మా అవ్వతో నేను పెట్టుకున్న ఒక తగాదా కారణం. ముందు ఆ సంగతి చెప్పనివ్వండి.

మా అవ్వ, అంటే మా అమ్మకు అమ్మ, పులివెందుల దిక్కు పల్లెలో ఉండేది. వేసవి సెలవులు ఇచ్చారంటే నేను అక్కడే. ఊరికంతా తాగేనీళ్ళ బావి ఒక్కటే. రాత్రంతా ఊరిన నీళ్ళు తెల్లవారుజామున నాలుగు ఇళ్ళకు సరిపోయేవి. ఆ తరువాత వచ్చినవాళ్ళు వరుసలో బిందె పెట్టి, నీళ్ళు ఊరేదాకా చింతచెట్టు కింద కూర్చోవలసిందే. గంట గడిచేది, రెండు గంటలూ గడిచేవి. ఆ కూర్చున్న పొద్దంతా మా అవ్వ కథలు చెప్పేది. ఆమెకు అక్షరం రాదు. కానీ తన వయసులో, బండి కట్టుకొని పోయి, డేరా టాకీసులో 'పాతాళభైరవి' రెండుసార్లు చూసిందట. ఆ రెండుసార్లు చూసినదాన్ని మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

అవ్వ చెప్పే కథలో తోటరాముడు మాంత్రికుని వెంట బయలుదేరేముందు వాళ్ళమ్మ సద్ది కట్టేది. జొన్నరొట్టె, చెనగ్గింజల ఊరిబిండి. మూట చేతికిస్తూ చెప్పేది: "నాయనా, ఊరికే రాజ్యమిస్తాననేవాన్ని నమ్మొద్దు. వాడు దేవర ముందర నిన్ను బోర్లపడి మొక్కమంటాడు. నాకు మొక్కేది రాదు సామీ, ముందు నువ్వు మొక్కి చూపీ అను." రాముడు అలాగే అంటాడు, మాంత్రికుడు వంగుతాడు, రాముని కత్తి లేస్తుంది. అక్కడికి వచ్చేసరికి బావి కాడ ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఊపిరి వదిలేవాళ్ళు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరి వంతు వచ్చేది. చేద బావిలోకి జారేది.

తరువాత ఒక సెలవుల్లో ఆ ఊరికి టీవీ వచ్చింది. ఊరికంతా ఒక్కటే. ఒకరోజు అందులో 'పాతాళభైరవి' వేశారు. రెండు చేతులా మా అవ్వను పట్టుకొని తీసుకుపోయి ముందు వరుసలో కూర్చున్నాను. తల్లి చెప్పే మాట కోసం ఎదురు చూస్తూ ఉన్నాను. అది రాలేదు. దానికి బదులు ఒక మొసలి వచ్చింది! రాముడు మొసలిని చంపితే, అందులోనుంచి శాపం తీరిన దేవకన్య ఒకామె వచ్చి, నిన్ను బలి ఇవ్వడానికే తీసుకుపోతున్నాడని హెచ్చరించింది. నాకు తల కొట్టేసినట్టయింది. నా తోటి పిల్లలంతా నా వైపు చూసి నవ్వారు. వాళ్ళకు సినిమా కథ నేను చెప్పి ఉన్నాను కదా, తల్లి మాటతో సహా!

మరునాడు బావి కాడ అందరి ముందరా అవ్వను నిలదీశాను.

"మొసలి సంగతి నువ్వు చెప్పనే లేదే?"

"నీళ్ళే లేని ఊర్లో మొసలి యాడుంటాదే? మన ఏట్లో ఇసక తప్ప ఏముంది?" అంది అవ్వ. అందరూ నవ్వారు.

"మరి వాళ్ళమ్మ చెప్పిందని ఎందుకు చెప్పినావు?"

"బిడ్డ సావుకు పోతాంటే ముందుగా తెలిసేది ఎవరికి? మొసలికా, తల్లికా?"

నేను ఊరుకోలేదు. "నువ్వు అబద్ధాలు చెప్తావు. నీకు సినిమా సరిగ్గా తెలీదు" అనేశాను. అవ్వ మొహంలో నవ్వు పోయింది. "ఆయప్ప తీసింది ఆయప్ప కత. నేను చెప్పింది నా కత" అని మాత్రం అని బిందె ఎత్తుకొని పోయింది. ఆ తరువాత ఎన్నో కథలు చెప్పింది గానీ, తోటరాముని కథ మాత్రం నాకు మళ్ళీ చెప్పలేదు.

నేను పదో తరగతితో చదువు ఆపి, పెళ్ళయి కర్నూలు వచ్చాను. అవ్వ పోయింది. చాలా ఏళ్ళ తరువాత రేడియోలో మాట్లాడే అలవాటు పడి, పాత సినిమాల సంగతులు చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఆ కథ విషయంలో అవ్వ కన్నా ముందే చాలామంది అవ్వ చేసిన పనే చేశారని.

'పాతాళభైరవి' 1951 మార్చి 15న విడుదలైంది. దానికి ఆధారం మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు'లోని ఒక కథ. ఇప్పటి నవలల్లాగా ఆ రోజుల్లో ఇళ్ళలో చేతులు మారుతూ చదివిన పుస్తకాలు అవి. పన్నెండు భాగాలు. వాటి పద్ధతి భలే ఉంటుంది. మణిసిద్ధుడనే ఒక యతి కాశీకి నడిచిపోవాలనుకుంటాడు. తోడు కావాలి. కోటప్ప అనే పశువుల కాపరి సరే వస్తాను గానీ, మజిలీ మజిలీకీ నాకొక కథ చెప్పాలి అని షరతు పెడతాడు. ఆ షరతు మీదనే పుస్తకమంతా నడుస్తుంది. చూడండి, కథ పుట్టిందే నడిచి నడిచి అలసిన కాళ్ళు ఆగిన చోట! మా అవ్వకు చదువు లేకపోయినా, కథ ఎప్పుడు చెప్పాలో కోటప్పకు తెలిసినట్టే ఆమెకూ తెలుసు. నీళ్ళు ఊరేదాకా కూర్చున్న ఆ చింతచెట్టు నీడ కూడా ఒక మజిలీయే కదా.

ఈ పుస్తకంలోని కథను సినిమాకు తగినట్టుగా మార్చి రాసినవారు పింగళి నాగేంద్రరావు గారు. దానిలోకి 'అల్లావుద్దీన్ అద్భుత దీపం' కథలోని పోకడలు తెచ్చి కలిపారు. పేదింటి కుర్రవాడు రాజు కూతుర్ని ప్రేమించడం, ఎక్కడినుంచో వచ్చిన మాంత్రికుడు అతన్ని గుహలోకి తీసుకుపోవడం, అడిగిందల్లా ఇచ్చే వస్తువు దొరకడం, రాత్రికి రాత్రి మేడ లేవడం, మళ్ళీ ఆ వస్తువు మాంత్రికుని చేతికి పోయి మేడతో పాటు రాజు కూతురు కూడా మాయం కావడం, ఇవన్నీ అల్లావుద్దీన్ కథలో ఉన్న సంగతులే. దీపం ఉన్న చోట పాతాళభైరవి ప్రతిమ వచ్చింది. దర్శకులు కె.వి. రెడ్డి గారు. ఆయనకు ఇటువంటి మార్పులు కొత్త కాదు. అంతకు ముందు 1949లో ఆయనా, పింగళి వారూ కలిసి చేసిన 'గుణసుందరి కథ'కు మూలం ఇంగ్లండులో షేక్స్‌పియర్ రాసిన లియర్ రాజు నాటకం. ముగ్గురు కూతుళ్ళ ముసలిరాజును తెచ్చి మన పెరట్లో కూర్చోబెడితే, అది ఎక్కడిదో తెలియకుండానే జనం తమ కథ అనుకున్నారు.

ఇంతకూ ఈ మనుషులు ఎక్కడివాళ్ళు? ఇక్కడే మన రాయలసీమవాళ్ళు కాస్త మెడ నిలిపి వినవలసిన సంగతి ఉంది. సినిమా తయారైంది మద్రాసులో. కానీ నిర్మించిన విజయా సంస్థకు పెద్దదిక్కయిన బి. నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు. వాళ్ళ ఇంటివాళ్ళు ఎర్రగడ్డలు బర్మా దాకా ఎగుమతి చేసిన వ్యాపారస్థులు. కె.వి. రెడ్డి గారిది పక్కనే ఉన్న అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతం. మాంత్రికుని శిష్యుడు సదాజపుడుగా నవ్వించిన పద్మనాభం పుట్టింది కడప జిల్లా సింహాద్రిపురంలో, 1931లో. అంటే ఈ సినిమా నాటికి ఇంకా ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడు. నాగిరెడ్డి గారి అన్నగారు బి.ఎన్. రెడ్డి గారు అదే 1951లో 'మల్లీశ్వరి' తీశారు. వర్షం కోసం ఆకాశం చూసే నేల నుంచి వెళ్ళినవాళ్ళు ఒకే ఏడు తెలుగువాళ్ళకు ఇటువంటి రెండు సినిమాలు ఇచ్చారంటే మామూలు సంగతి కాదు.

నాగిరెడ్డి గారూ, చక్రపాణి గారూ కలిసి 1947 జులైలో 'చందమామ' ప్రారంభించారని మీకందరికీ తెలుసు. పిల్లలకు కథ ఎలా చెప్పాలో నెలనెలా చూస్తున్నవాళ్ళు వాళ్ళు. విజయా వారి మొదటి సినిమా 1950లో వచ్చిన 'షావుకారు'. మంచి సినిమా అన్నారు గానీ, డబ్బు అంతగా రాలేదు. రెండవది జానపదం తీద్దామనుకున్నారు. ఈసారి వెనక్కు చూసుకోవలసిన పని లేకపోయింది. 1952 జనవరిలో బొంబాయిలో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగితే, అందులోనూ 'పాతాళభైరవి'ని ప్రదర్శించారు.

ఇప్పటి పిల్లలు కంప్యూటరులో ఏనుగును ఎగరేస్తారు. అప్పుడు అటువంటివేమీ లేవు. కెమెరా మార్కస్ బార్ట్‌లే గారిది. కళ మాధవపెద్ది గోఖలే, కళాధర్ గార్లది. తెలుపు నలుపుల్లోనే గుహ, విగ్రహం, మేడ, మాయం కావడం అన్నీ కెమెరా కిటుకులతో, రంగు పూసిన చెక్కలతో, సుద్దతో చేశారు. అంతకు పదకొండేళ్ళ ముందు, 1940లో, ఇంగ్లండువాళ్ళు 'బాగ్దాద్ గజదొంగ' కథను రంగుల్లో తీశారు. సీసాలో భూతం, ఎగిరే తివాచీ అందులో ఉన్నాయి. యుద్ధం మొదలయ్యేసరికి దాన్ని అమెరికా తీసుకుపోయి పూర్తి చేయవలసి వచ్చింది. అందులో దొంగపిల్లవాడుగా వేసిన సాబు మన మైసూరువాడే, మావటివాని కొడుకు. ఆ సినిమాకు ఉన్నంత డబ్బూ, రంగులూ మనవాళ్ళకు లేవు. అయినా మన జనం తోటరాముణ్ణి మరిచిపోలేదు. ఎందుకంటే అతను ఎక్కడో బాగ్దాదు యువరాజు కాదు. తోటమాలి కొడుకు. అతనికి ఇంట్లో ఒక తల్లి ఉంది.

ఆ తల్లి దగ్గరికే ఇప్పుడు వస్తున్నాను. ఆ వేషం వేసింది సురభి కమలాబాయి గారు. పేరు ముందరున్న 'సురభి' ఇంటిపేరు కాదు, నాటక సమాజం పేరు. ఆ సమాజానికి ఆ పేరు కడప జిల్లాలోని సురభి అనే పల్లె నుంచి వచ్చింది. 1885లో ఆ పల్లెలో ఒక పెళ్ళి సందర్భంగా వనారస గోవిందరావు గారి కుటుంబం 'కీచకవధ' నాటకం ఆడింది. అంతవరకు తోలుబొమ్మలాడించిన కుటుంబం అది. ఆ రాత్రి మొదలైన ఆట తరాల తరబడి సాగింది. కుటుంబానికి కుటుంబం సామాన్లు బండ్లకెత్తుకొని, ఊరూరా డేరా వేసి ఆడారు. ఇంకో గొప్ప సంగతి. ఆడవేషాలు మగవాళ్ళే వేసే రోజుల్లో సురభి వాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళనే వేదిక ఎక్కించారు. వంట చేసేదీ వాళ్ళే, బిడ్డకు పాలిచ్చేదీ వాళ్ళే, రాత్రికి ద్రౌపదీ వాళ్ళే.

కమలాబాయి గారి పుట్టుకను గురించి నాటకాలవాళ్ళు ఒక మాట చెప్పుకుంటారు. ఆమె తల్లి నిండు నెలలతో దమయంతి వేషం వేస్తూ ఉండగా వేదిక మీదనే నొప్పులు వచ్చాయట. తెర దించారు. తెర వెనకనే బిడ్డ పుట్టింది. ఆ బిడ్డే కమలాబాయి. వినేటప్పుడు ఆశ్చర్యపోతాం గానీ, ఒక్క క్షణం ఆ తల్లిని తలుచుకోండి. నెలలు నిండినా వేషం వేయకపోతే కుటుంబం గడవని రోజులవి.

ఆ కమలాబాయి గారే తరువాత తెలుగు మాటల సినిమాకు మొట్టమొదటి కథానాయిక అయ్యారు. 1932లో విడుదలైన 'భక్త ప్రహ్లాద'లో లీలావతి ఆమెనే. అంతకు ముందు తెరమీద తెలుగు మాట్లాడిన కథానాయిక లేదు. సీతగా, శకుంతలగా కూడా వేశారు. అటువంటి ఆమె ఇరవై ఏళ్ళు తిరక్కుండానే 'పాతాళభైరవి'లో కొడుకు కోసం తల్లడిల్లే తల్లిగా, ఒక చిన్న వేషంలో కనిపించారు. మనం సినిమా చూస్తూ, ఆమె తెరమీదకు వచ్చినప్పుడు పిల్లలకు పాలు కలపడానికి లేచిపోయి ఉంటాం. తెలుగు సినిమా తొలి నాయిక ఇంటిలోకి వచ్చి పోయిందని మనకు తెలియనే లేదు. 1971లో ఆమె కన్నుమూశారు.

ఈ సంగతి తెలిసిన రోజున మొదట మా అవ్వ గుర్తుకొచ్చింది. డేరాలో రెండుసార్లు చూసినప్పుడు అవ్వ ఎవరిని చూసిందో అప్పుడు అర్థమైంది. అందరూ రాముణ్ణీ, రాకుమారినీ చూస్తూ ఉంటే, ఆమె ఆ తల్లిని చూసింది.

అది ఎటువంటి కాలమో కూడా చెప్పాలి. సినిమా విడుదలైన 1951, ఆ మరుసటి ఏడు 1952, రాయలసీమలో గొప్ప కరువు. పల్లెల్లో గంజి కేంద్రాలు తెరిచారు. బావులు లోతు చేయడానికి సైనికులను దించారు. ఒక పక్క గంజి కోసం గిన్నె పట్టుకొని వరుసలో నిలబడిన జనం, ఇంకో పక్క డేరాలో తెరమీద అడిగిందల్లా ఇచ్చే ప్రతిమ! తోటరాముడు మేడ అడిగాడు, సంపద అడిగాడు. మా అవ్వను నేను చిన్నప్పుడు అడిగి ఉన్నాను, "నీకు ఆ బొమ్మ దొరికితే ఏమడుగుతావు?" అని. అవ్వ ఏమాత్రం ఆలోచించలేదు. "బావిలో నీళ్ళు" అంది. నేను నవ్వాను. మేడ అడగవచ్చు కదా, నగలు అడగవచ్చు కదా అన్నాను. "మేడలోనైనా నీళ్ళు తాగాల్నే గదా" అంది. గంజి కేంద్రం ముందర చంకలో బిడ్డతో నిలబడిన మనిషి ఆమె. ఆ రోజుల్లో బిడ్డను పనికోసం ఊరు దాటించిన తల్లులు ఎందరో. వలస పోయే కొడుకుకు సద్ది కట్టి, ఎవరినీ నమ్మొద్దు నాయనా అని చెప్పి పంపిన తల్లులు వాళ్ళు. అవ్వ కథలో తోటరాముని తల్లి చెప్పిన మాట ఎక్కడినుంచి వచ్చిందో నేను వేరే వెతకవలసిన పని లేదు.

ముందు నువ్వు మొక్కి చూపించు అనే ఆ ఉపాయం మాత్రం పాతదే. అది బేతాళ కథల్లోది. విక్రమార్కునికి బేతాళుడు చెప్పిన ఉపాయం. దాన్ని ఎవరి నోటనో విని, అవ్వ తెచ్చి తోటరాముని తల్లి నోట పెట్టింది. పింగళి వారు అల్లావుద్దీన్‌ను తెచ్చి ఉజ్జయినిలో పెట్టలేదా, అలాగే.

ఇక అసలు సంగతి. కొన్నాళ్ళ కిందట మా చిన్నమ్మాయి కోసం అల్లావుద్దీన్ కథ పూర్తిగా ఉన్న పుస్తకం ఒకటి తెచ్చాను. పడుకోబెట్టేటప్పుడు చదివి వినిపిస్తూ ఉంటే ఒకచోట నా గొంతు ఆగిపోయింది. సినిమాలోగానీ, పిల్లల బొమ్మల పుస్తకాల్లోగానీ అంతగా కనిపించని అల్లావుద్దీన్ తల్లి ఆ కథలో ఎంత పని చేస్తుందో తెలుసా? ఆమె ఒక దర్జీ భార్య, విధవరాలు. నూలు వడికి బిడ్డను సాకింది. ఇంట్లో తిండి లేకపోతే, పాత దీపాన్ని అమ్ముకుందామని, కాస్త తోమితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని తోమింది ఆమె. భూతం మొదట వచ్చింది ఆమె ముందరికే! రాకుమారిని అడగడానికి రత్నాల పళ్ళెం గుడ్డలో మూటగట్టుకొని సుల్తాను కొలువుకు పోయింది కూడా ఆమే. ఒక్కరోజు కాదు. రోజూ పోయి కొలువులో నిలబడడం, ఎవరూ పలకరించకపోతే సాయంత్రానికి తిరిగి రావడం. అలా రోజుల తరబడి నిలబడితే చివరికి సుల్తాను ఎవరు ఈమె అని అడిగాడు.

నీళ్ళ కోసం, గంజి కోసం, రేషను కోసం వరుసలో నిలబడిన మనకు ఆ తల్లిని వేరే పరిచయం చేయాలా?

మా అవ్వ అల్లావుద్దీన్ పేరు విని ఎరగదు. కానీ సినిమాలో చిన్నదైపోయిన తల్లిని ఆమె తన కథలో మళ్ళీ పెద్దది చేసింది. పాత కథలో తల్లికి ఉన్న చోటు దగ్గరికి, తెలియకుండానే, తన దారిన తాను నడిచి చేరుకుంది. నేనేమో బావి కాడ పదిమందిలో ఆమెను అబద్ధాలకోరు అన్నాను.

ఇంకొక మాట కూడా ఉంది. అల్లావుద్దీన్ కథను మొదట అచ్చులోకి తెచ్చింది ఫ్రాన్సు దేశపు పండితుడు ఆంత్వాన్ గలాన్. వెయ్యిన్నొక్క రాత్రుల కథలను ఆయన ఫ్రెంచిలోకి తెస్తున్నాడు. ఆయన దగ్గరున్న అరబ్బీ రాతప్రతిలో అల్లావుద్దీన్ లేనే లేడు. 1709లో పారిస్ నగరంలో హన్నా దియాబ్ అనే ఒక యువకుడు, సిరియాలోని అలెప్పో నుంచి వచ్చినవాడు, ఆయనకు ఆ కథ నోటితో చెప్పాడు. గలాన్ తన దినచర్యలో ఆ సంగతి రాసుకున్నాడు. పుస్తకంలో మాత్రం చెప్పినవాని పేరు వేయలేదు. లోకమంతా చదివిన కథ అది. ఎన్ని భాషల్లోకి పోయిందో, ఎన్ని సినిమాలయిందో! చెప్పినవాని పేరు మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. అచ్చు వేసినవారి పేరు నిలుస్తుంది, తెరమీద ముందు వరుసలో నిలబడినవారి పేరు నిలుస్తుంది. నోటితో చెప్పినవాళ్ళ పేరు గాలికి పోతుంది.

'పాతాళభైరవి' కథ ఆ తరువాత కూడా ఆగలేదు. సురభి వాళ్ళు దాన్ని నాటకంగా వేదిక ఎక్కించారు. మాయలూ, మంటలూ, గాలిలో ఎగరడాలూ కళ్ళెదుట చేసి చూపించారు. కడప జిల్లా పల్లె పేరు పెట్టుకున్న సమాజంలో పుట్టిన ఆమె తెరమీద తల్లిగా వేసింది. మళ్ళీ ఆ కథ ఆ సమాజపు డేరాలోకే వచ్చి చేరింది. ఊరు తిరిగి వచ్చిన కొడుకులాగా.

ఈ సంగతులన్నీ మీకెందుకు చెప్పానంటే, మనం ఆడవాళ్ళం ఇళ్ళలో ఎన్నో కథలు చెబుతాం. అమ్మ దగ్గర విన్నవి, అత్తగారి దగ్గర విన్నవి. అన్నం కలుపుతూ, జడ వేస్తూ, నీళ్ళ కొళాయి దగ్గర వంతు కోసం నిలబడి చెబుతాం. చెప్పేటప్పుడు మనకు తెలియకుండానే కాస్త మారుస్తాం. అది తప్పేమీ కాదు. దీక్షితులు గారు, పింగళి వారు, గలాన్ దొర అందరూ చేసింది అదే. కానీ ఒక్క పని మనం చేయవచ్చు. ఈ కథ నాకు ఎవరు చెప్పారో ఆ పేరు కూడా పిల్లలకు చెప్పవచ్చు. దానికి డబ్బు ఖర్చు కాదు, అచ్చు యంత్రం అక్కరలేదు. మా నాయనమ్మ చెప్పింది, మా పక్కింటి అక్క చెప్పింది అని ఒక్క మాట ముందు చేర్చితే చాలు. చెప్పిన మనిషి కథతో పాటు ఇంకొక తరం బతుకుతుంది.

మొన్న మా చిన్నమ్మాయి తోటరాముని కథ చెప్పమంది. సద్దిమూట దగ్గరికి వచ్చేసరికి, "సినిమాలో ఇలా లేదుగదమ్మా" అంది. ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది. నేను కోప్పడలేదు. నవ్వనూ లేదు. అవ్వ పేరు చెప్పాను. ఆమె ఊరు చెప్పాను. ఆమె కూర్చున్న చింతచెట్టు సంగతి చెప్పాను.

"ఇది ఆమె కథ" అన్నాను. "మొదటినుంచి చెప్తాను, విను."